పొడిబారిన కుక్క చర్మానికి ఇంటి వైద్యం: పరిశీలన నుంచి నాలుగో వారం దాకా

చలికాలం మొదలైందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా కుక్క రాత్రంతా గోక్కుంటోంది, ఒంటి మీద నుంచి తెల్లటి పొట్టు రాలుతోంది, ఏం రాయమంటారు?"

ఏం రాయాలన్నది మూడో మెట్టు. మొదటిది చూడటం, రెండోది కారణాన్ని ఆపడం. ఈ రెండూ వదిలేసి నేరుగా కొబ్బరినూనె సీసా అందుకున్న ఇళ్లను చాలా చూశాను. నెల తిరిగినా కుక్క గోక్కుంటూనే ఉంటుంది, పైగా ఇల్లంతా జిడ్డు. అందుకే కింద ఇచ్చిన వరుసను మార్చకుండా చేయండి.

మూడు నెలలు నిండని పిల్లలకు, కడుపుతో ఉన్న కుక్కలకు, ఇప్పటికే మందులు వాడుతున్న వాటికి ఇందులో ఏది చేయాలన్నా ముందు పశువైద్యుడిని అడగండి.

1. ముందు చూడండి: ఇది పొడిదనమేనా?

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పాత తెల్లదుప్పటి పరిచి కుక్కను దాని మీద నిలబెట్టండి. తోక వైపు నుంచి మెడ వైపుకు, అంటే వెంట్రుకలు వాలిన దిశకు ఎదురుగా, వేళ్లతో బొచ్చును పాయలుగా తీస్తూ చర్మాన్ని చూడండి. వీపు, తోక మొదలు, చంకలు, తొడల సందులు, కాలివేళ్ల మధ్య, చెవుల అంచులు, మోచేతులు. ఒక్క చోటు కూడా వదలకండి. పావుగంట పడుతుంది.

మామూలు పొడిదనం ఇలా ఉంటుంది: వీపు మీద గోధుమపిండి చల్లినట్టు సన్నటి తెల్లటి పొట్టు. చర్మం ఎర్రగా ఉండదు, వాసన రాదు. బొచ్చు ఊడదు కానీ మెరుపు తగ్గి గరుకుగా తగులుతుంది. గోక్కుంటుంది కానీ తిండి, నిద్ర, ఆట మానదు.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా అది పొడిదనం కాదు, లేదా పొడిదనం ఒక్కటే కాదు:

- తోక మొదట్లో మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు. వాటిని తడి దూది మీద వేసి నొక్కండి. దూది మీద ఎర్రటి మరక పడితే అది రక్తం తాగి పురుగులు వదిలిన మలం.
- చెవుల అంచులు, మోచేతుల మీద పెచ్చులు, బొచ్చు ఊడటం, నిలవనివ్వని దురద. ఇంట్లో మనుషులకూ చేతుల మీద, నడుము దగ్గర దురద మొదలైతే గజ్జిని గట్టిగా అనుమానించాలి.
- చర్మం జిడ్డుగా, నల్లగా, మందంగా మారి పులిసిన వాసన రావడం. ఇది ఈస్టు, అంటే చర్మం మీద బతికే ఒక బూజుజాతి సూక్ష్మజీవి, పెరిగిన గుర్తు.
- గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలు. ఇది తామర కావచ్చు.
- చీము పొక్కులు, తడిగా కారుతున్న పుండ్లు.
- చర్మానికి కరుచుకుని ఉన్న గోమార్లు. ఇవి దురదతో ఆగవు, రక్తంలోకి జబ్బులు కూడా తెస్తాయి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రాలిన పొట్టును నల్లకాగితం మీద దులిపి, భూతద్దంతో రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పొట్టు దానంతట అదే కదులుతుంటే అవి చర్మం మీద బతికే సూక్ష్మమైన పురుగులు. ఓట్స్ స్నానాలు వాటిని ఏమీ చేయలేవు.

పైవాటిలో ఏదీ లేకపోతే ముందుకు వెళ్లండి. ఈరోజే వీపు, పొట్ట, చెవుల ఫొటోలు తీసి ఉంచుకోండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, నాలుగో వారంలో ఈ ఫొటోలే నిజం చెబుతాయి.

2. పొడిబారడానికి కారణం ఏమిటో పట్టుకోండి

మన ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించే కారణాలు నాలుగు.

మొదటిది మనుషుల సబ్బు. మన చర్మం కొంచెం ఆమ్లగుణంతో, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర ఉంటుంది. కుక్క చర్మం 7కు దగ్గరగా ఉంటుంది. ఒంటి సబ్బుల పీహెచ్ 9, 10 దాకా పోతుంది. పైగా కుక్కల పైచర్మంలో కణాల వరసలు మూడు నుంచి ఐదు మాత్రమే, మనకు పది పదిహేను. అంత పల్చటి పొర మీద సబ్బు రుద్దితే ఉన్న కాస్త నూనె కూడా పోతుంది. "పసిపిల్లల షాంపూ కదా, మెత్తగా ఉంటుంది" అంటారు. అది పసిపిల్లల చర్మానికి తయారైనది, కుక్క చర్మానికి కాదు.

రెండోది వారం వారం తలంటు. ఒంటికి బురదో దుర్వాసనో లేకుండా వారానికోసారి షాంపూ పెట్టాల్సిన పని లేదు. బోరునీళ్లు బాగా ఉప్పగా ఉండే చోట ఈ నష్టం రెట్టింపు అవుతుంది.

మూడోది పెరుగన్నం. దీని గురించి 7వ భాగంలో వివరంగా రాశాను.

నాలుగోది నేల. ఫినాయిల్ వేసి తుడిచిన గచ్చు మీద కుక్క పొట్ట ఆనించి పడుకుంటుంది. పొట్ట మీద, కాళ్ల కింద మాత్రమే ఎరుపు, దురద ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

3. సిద్ధం చేసుకోవలసినవి

స్నానం మధ్యలో తువ్వాలు కోసం పరుగెత్తితే తడి కుక్క మంచం ఎక్కుతుంది. అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోండి.

- సాదా ఓట్స్ ఒక కప్పు. చక్కెర, మసాలా, పండ్ల ముక్కలు కలిపినవి వద్దు. ఎండుద్రాక్ష కలిసినవి అసలే వద్దు, ద్రాక్ష కుక్కలకు విషం.
- పల్చటి నూలు గుడ్డ, దారం
- బకెట్, మగ్గు, వీలైతే పెద్ద టబ్బు
- కాలు జారకుండా కింద వేయడానికి గోనెపట్టా లేదా రబ్బరు చాప
- పాత తువ్వాళ్లు రెండు
- దువ్వెన లేదా మెత్తటి బ్రష్
- కుక్కల కోసం తయారైన, సువాసన లేని షాంపూ (ఒళ్లు మురికిగా ఉంటేనే)
- గానుగ కొబ్బరినూనె, చిన్న గిన్నెలో ఒక చెంచా
- పాత నూలు బనియను, రాసింది నాకకుండా తొడగడానికి

ఏ కొత్త పదార్థమైనా మొదట తొడ లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రాసి 24 గంటలు ఆగండి. ఎరుపు, దద్దురు, అక్కడే నాకడం కనిపిస్తే అది మీ కుక్కకు పడదు. ప్రకృతిలో దొరికిందన్నంత మాత్రాన పడుతుందన్న హామీ లేదు.

4. ఓట్స్ స్నానం

ఇంట్లో చేయగలిగిన వాటిలో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ చర్మం మీద తేమను పట్టి ఉంచే పల్చటి పొరలా పనిచేస్తుంది. అవెనాంత్రమైడ్లు అనే పదార్థాలు దురదను, ఎరుపును తగ్గిస్తాయి. కానీ ఇది పనిచేయాలంటే పిండి సన్నగా ఉండాలి, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చివర్లో కడగడం సరిగా ఉండాలి.

మెట్టు 1. ఓట్స్‌ను తడి లేని మిక్సీ జారులో మెత్తటి పొడిగా తిప్పండి. పెద్ద కుక్కకు ఒక కప్పు, పగ్, షిట్జు వంటి చిన్న వాటికి కప్పులో మూడో వంతు చాలు. ఒక చెంచా పొడిని గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో వేసి కలపండి. నీళ్లు పల్చటి పాలలా తెల్లబడి, వేళ్లకు జారుడుగా తగలాలి. పొడి అడుగున రవ్వలా కూర్చుంటే మళ్లీ తిప్పండి. ఈ పరీక్ష చేయనివాళ్లే "ఓట్స్ పనిచేయలేదు" అంటారు.

మెట్టు 2. తడపకముందే దువ్వండి. తడిసిన చిక్కు బిగుసుకుపోతుంది, దాని కింద చర్మం ఆరదు. వదులైన పొట్టు కూడా ఈ దువ్వడంలోనే సగం పోతుంది.

మెట్టు 3. నీళ్లను మణికట్టు లోపలి వైపు పోసి చూడండి. వేడిగానీ చల్లదనంగానీ తెలియకూడదు. వేడి నీళ్లు ఆ క్షణానికి హాయిగా ఉన్నా దురదను పెంచుతాయి, నూనెను కడిగేస్తాయి.

మెట్టు 4. ఒళ్లు మురికిగా ఉంటే ముందు కుక్కల షాంపూతో ఒకసారి కడిగి, నురగ పూర్తిగా పోనివ్వండి. మురికి లేకపోతే ఈ మెట్టు వదిలేయండి.

మెట్టు 5. టబ్బు ఉంటే పొడిని నీళ్లలో కలిపి కుక్కను అందులో నిలబెట్టి, మగ్గుతో వీపు మీద పోస్తూ ఉండండి. టబ్బు లేని ఇళ్లే ఎక్కువ కాబట్టి ఇంకో పద్ధతి చెబుతాను. పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి సగం బకెట్ గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టండి. ఆ మూటను కుక్క ఒంటి మీద పిండుతూ మెల్లగా అద్దండి, బకెట్‌లోని తెల్లటి నీళ్లను మగ్గుతో పోయండి. నిజానికి అపార్టుమెంటు స్నానాలగదిలో ఇదే సుఖం, నీళ్లు పోయే జాలీలో పిండి అడ్డుపడదు.

మెట్టు 6. పది నుంచి పదిహేను నిమిషాలు ఆ తడి ఒంటి మీద ఉండాలి. కుక్కకు ఇది చాలా పెద్ద సమయం. మా కుక్క బంగారి మొదటిసారి మూడో నిమిషంలోనే ఒళ్లు విదిలించి తలుపు దగ్గరికి పోయింది. తర్వాత కనిపెట్టిందేమిటంటే, చేయి ఆగకూడదు. మెడ నుంచి తోక దాకా ఒకే వేగంతో అరచేయి నడుస్తూ ఉంటే అది తలను నా మోకాలికి ఆనించి నిలబడుతుంది. చేయి తీస్తే విదిలిస్తుంది. ఇంట్లో ఇద్దరు ఉంటే ఒకరు నీళ్లకు, ఒకరు ఈ నిమరడానికి.

మెట్టు 7. కడగడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చంకలు, తొడల సందులు, మెడ కింద ముడతలు, తోక కింద మంచినీళ్లు పోస్తూ వేళ్లతో తడమండి. జారుడు పోయేదాకా పోయాలి. బొచ్చులో పిండి మిగిలితే ఎండి అట్టకడుతుంది, రాత్రికి చీమలు పడతాయి. చీమలు కుట్టి వచ్చిన దద్దుర్లను "ఓట్స్ పడలేదు" అనుకున్న ఇల్లు నాకు తెలుసు.

మెట్టు 8. తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. రుద్దితే పల్చటి చర్మం ఇంకా రేగుతుంది. కాలివేళ్ల మధ్య, చెవుల వెనుక ప్రత్యేకంగా చూడండి. హెయిర్ డ్రయర్ వేడిగాలి వద్దు, ఫ్యాను గాలి చాలు. స్నానం పొద్దున పది పదకొండు గంటల మధ్య పెట్టుకుంటే సాయంత్రానికి లోపలి బొచ్చు కూడా ఆరుతుంది. వానాకాలంలో సాయంత్రం స్నానం పెట్టడమంటే ఈస్టును పిలిచి పీట వేయడమే.

ఎన్నిసార్లు? మొదటి మూడు నాలుగు వారాలు వారానికోసారి, ఆపైన నెలకు ఒకటి రెండుసార్లు. షాంపూ ప్రతిసారీ వద్దు.

5. స్నానం తర్వాత నూనె: ఎంత, ఎక్కడ

నూనె చర్మానికి తేమ ఇవ్వదు, ఉన్న తేమ పోకుండా కాస్తుంది. కాబట్టి స్నానమై ఒళ్లు ఇంకా కొద్దిగా చెమ్మగా ఉన్నప్పుడే రాయాలి. పూర్తిగా ఎండిన చర్మం మీద రాస్తే జిడ్డు తప్ప ఏమీ మిగలదు.

పది కిలోల కుక్కకు అరచెంచా కొబ్బరినూనె చాలు. రెండు అరచేతుల్లో రుద్దుకుని, పొట్టు ఎక్కువగా ఉన్న చోట, గరుకుబారిన మోచేతుల మీద, పగిలిన పాదాల మెత్తల మీద మాత్రమే వేళ్లతో చర్మానికి తగిలేలా రాయండి. వెంటనే బయట నడకకు తీసుకెళ్లండి, నాకడం మర్చిపోతుంది. పదిహేను నిమిషాల తర్వాత పైపైన ఉన్న జిడ్డును గుడ్డతో తుడిచేయండి.

కొబ్బరినూనె ఎక్కువైతే ఏమవుతుందో నేను అనుభవంతో చెబుతున్నాను. ఒక జూలైలో బంగారికి ఒళ్లంతా పట్టించి, రోజు విడిచి రోజు రాశాను. పదో రోజుకు చంకల్లో పులిసిన వాసన, చర్మం ఎర్రగా కమిలిపోయింది. చూపిస్తే ఈస్టు అన్నారు. ఆ బూజు జిడ్డు మీదే బతుకుతుందని అప్పుడు తెలిసింది. తగ్గడానికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలూ అది పడిన బాధ నా కళ్లముందే ఉంది. వానాకాలంలో, జిడ్డు చర్మం ఉన్న కుక్కలకు నూనె ముట్టుకోకండి.

ఆవనూనె మంట పుట్టిస్తుంది, వద్దు. ఆముదం నాకితే విరేచనాలు, అదీ వద్దు.

6. అప్పటికప్పుడు దురద ఆపడానికి

చల్లటి తడిగుడ్డ. దీన్ని ఎవరూ వైద్యంగా లెక్కపెట్టరు కానీ అర్ధరాత్రి కుక్క ఒకే చోట కొరుక్కుంటుంటే దీనికి మించింది లేదు. నూలు గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి పిండి, ఆ చోట ఐదు నుంచి పది నిమిషాలు ఆనించి ఉంచండి. చల్లదనం దురదను అణుస్తుంది. ఐసు ముక్కను నేరుగా పెట్టకండి. తర్వాత ఆ చోటు ఆరనివ్వండి.

కలబంద. ఆకును కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పదిహేను నిమిషాలు నిలబెట్టండి. పచ్చటి చేదు రసం కారిపోతుంది. కుక్క దాన్ని నాకితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత తొక్క పూర్తిగా తీసి, లోపలి తెల్లటి గుజ్జును రెండుసార్లు కడిగి, దురద ఉన్న చిన్న చోట పల్చగా రాయండి. ఆరేదాకా నాకనివ్వకండి, బనియను ఇప్పుడే పనికొస్తుంది.

వేపాకు నీళ్లు. రెండు గుప్పెళ్ల లేత ఆకును రెండు లీటర్ల నీళ్లలో పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చి, వడకట్టి స్నానం చివర్లో మెడ కింది నుంచి పోయండి. కళ్లలో పడకూడదు. తేలికపాటి దురదకు ఉపశమనం ఉంటుంది. అయితే వేపాకు నీళ్లతో గోమార్లు పోతాయని నమ్మి అసలు మందు ఆపేయకండి. వేపనూనెను నేరుగా పట్టించడం మాత్రం వద్దే వద్దు. అది ఘాటైనది, నాకితే హాని.

పసుపు, శనగపిండి, పెరుగు గురించి కూడా అడుగుతుంటారు. బొచ్చున్న ఒంటికి అవి అంటుకుని ఉండవు, కడగడం కష్టం, ఈగలు ముసురుతాయి. నేను వాడను.

7. గిన్నెలోకి చూడండి

బయట ఎంత రాసినా చర్మం తయారయ్యేది తిండి నుంచే. ప్రేమతో పెట్టేదే అయినా, మూడు పూటలా పెరుగన్నం మీద బతికే కుక్కకు లినోలిక్ ఆమ్లం (చర్మానికి కావలసిన ఒక కొవ్వు), జింకు, మంచి మాంసకృత్తులు చాలవు. మొదట దెబ్బతినేది బొచ్చు, చర్మమే.

- ఉడికించిన గుడ్డు, వారానికి మూడు నాలుగు.
- కవళ్లు, కనగుర్తలు వంటి నూనె ఉన్న సముద్రపు చేపలు, వారానికి రెండుసార్లు. ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముళ్లన్నీ ఏరి పెట్టాలి. వీటిలోని ఒమేగా-3 కొవ్వులు దురదను లోపలి నుంచి తగ్గిస్తాయి. ఇంట్లో వండిన చేపల పులుసు పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉప్పుచేప కూడా వద్దు.
- శాకాహార ఇళ్లలో పొద్దుతిరుగుడు నూనె అరచెంచా, పది కిలోల కుక్కకు, రోజూ అన్నంలో. లినోలిక్ ఆమ్లం ఇందులో ఎక్కువ, కొబ్బరినూనెలో చాలా తక్కువ. అవిసె గింజల పొడి మంచిదే కానీ చేప చేసే పని చేయలేదు, అందులోని కొవ్వును కుక్క శరీరం కొద్దిగానే మార్చుకోగలదు.

కొత్తదేదైనా వారం రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. ఒకేసారి కొవ్వు ఎక్కువైతే విరేచనాలు, కొన్నిసార్లు క్లోమం వాపు దాకా వెళ్తుంది. గతంలో క్లోమం జబ్బు వచ్చిన కుక్కకు, బాగా లావుగా ఉన్నదానికి నూనె చేర్చే ముందు వైద్యుడిని అడగండి.

సంచీల్లో అమ్మే కుక్కల తిండి పెట్టేవాళ్లు సంచీ తెరిచిన తేదీని దాని మీదే రాసుకోండి. నెలా నెలన్నరలో అయిపోయేంత సంచీయే కొనండి. తెరిచి నెలల తరబడి ఉంచితే అందులోని కొవ్వు చెడి కమురు వాసన వస్తుంది.

8. ఇంట్లో మార్చవలసినవి

- ఫినాయిల్‌తో తుడిచాక అదే నేలను మంచినీళ్లతో మళ్లీ తుడవండి. ఆరాకే కుక్కను రానివ్వండి.
- నడక నుంచి రాగానే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.
- దాని పడక గుడ్డను వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. సువాసన ద్రవాలు కలపకండి.
- ఏసీ గాలి నేరుగా తగిలే చోట పడక వేయకండి.
- రోజూ ఐదు నిమిషాలు దువ్వండి. చర్మంలోని నూనె బొచ్చు చివరిదాకా పాకేది దీనివల్లే.

9. చేయకూడని పనులు, చేసేస్తే ఏం చేయాలి

కాలిన ఇంజను నూనె, కిరోసిన్ గజ్జికి రాయడం ఊళ్లలో ఇంకా ఉంది. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణం పోతుంది. ఇప్పటికే రాసి ఉంటే నాకకుండా మూతిని ఆపి, పాత్రలు తోమే ద్రవం పల్చగా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతి చేయించడానికి ప్రయత్నించకండి.

కర్పూరం కలిపిన నూనె, టీ ట్రీ నూనె కుక్కలకు విషం. జింకు కలిసిన కాలమైన్, డయాపరు క్రీములు కూడా నాకితే ప్రమాదమే.

మనుషుల గజ్జి, తామర ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టు కనిపించి, గజ్జి, తామర లోపల ఇంకా విస్తరిస్తాయి. రాసి ఉంటే ఆపేసి, ఆ ట్యూబును వైద్యుడికి చూపించండి.

కుంకుడుకాయ పులుసు కంట్లో పడితే కన్ను ఎర్రబడి వాస్తుంది, పొడిచర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి, కన్ను మూసుకునే ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

ఒకేసారి నాలుగు వైద్యాలు మొదలుపెట్టడం కూడా తప్పే. ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. మొదటి వారం స్నానం, నేల జాగ్రత్త. రెండో వారం తిండి మార్పు. మూడో వారం, అవసరమైతేనే, నూనె.

10. ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు బయలుదేరాలి

కుక్క పైచర్మం పూర్తిగా కొత్తది కావడానికి సుమారు 22 రోజులు పడుతుంది. రెండు స్నానాలకే తీర్పు చెప్పకండి. నాలుగో వారం చివర మొదటి రోజు ఫొటోల పక్కన కొత్తవి పెట్టి చూడండి. పొట్టు సగానికి తగ్గి, బొచ్చు చేతికి మెత్తగా తగులుతుంటే దారి సరైనదే. తిండి ఫలితం పూర్తిగా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

కానీ దురదతో నిద్ర పోకపోయినా, తిండి మానినా, రక్తం వచ్చేలా గోక్కున్నా, బొచ్చు ఊడుతున్నా, తడిపుండు రాత్రికి రాత్రే పెరిగినా నాలుగు వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే వెళ్లండి. దగ్గరలో చర్మపరీక్షలు చేసేవారు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

అంత తొందర లేక, వెళ్లే రోజు ముందే అనుకుంటే, దానికి ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి, నూనె రాయకండి. "ఇంత మురికిగా ఎలా తీసుకెళ్తాం" అనిపిస్తుంది. చర్మాన్ని గీకి అద్దం పలక మీద వేసి చూసేటప్పుడు ఆ పొట్టు, ఆ జిడ్డు, ఆ పెచ్చులే వైద్యుడికి కావాలి. వాటితో పాటు ఇవి పట్టుకెళ్లండి:

- మొదటి రోజు ఫొటోలు, నిన్నటి ఫొటోలు
- ఇప్పటిదాకా రాసినవన్నీ, తేదీలతో
- రోజూ ఏం తింటుందో, చిరుతిళ్లతో సహా
- గోమార్ల మందు చివరిసారి ఎప్పుడు వేశారో
- ఇంట్లో మనుషులకు దురద ఉందో లేదో